చిలుకల బొమ్మలు ఇంట్లో చేస్తే ఏవి వాడొచ్చు, ఏవి వాడకూడదు?

ప్రశ్న (రాజాం నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండు బడ్జీలు, ఒక కాకటీల్ (తల మీద కుచ్చు ఉండే చిన్న చిలుక) ఉన్నాయి. మా వీధిలో బడ్జీలనే లవ్ బర్డ్స్ అంటారు. కాకటీల్ ఈ మధ్య రొమ్ము మీద ఈకలు పీక్కుంటోంది. డాక్టరు గారు చూసి, "పురుగు లేదు, జబ్బు లేదు, ఏమీ తోచక పీక్కుంటోంది, ఆడుకోవడానికి ఏదైనా పెట్టండి" అన్నారు. షాపులో కొన్న ప్లాస్టిక్ బొమ్మలకు రంగు ఊడుతోంది. ఇంట్లోనే చేద్దామని జీఐ తీగ, పాత గజ్జెలు, పురికొస, పిల్లల పూసలు, ఎండు కొబ్బరి చిప్పలు పోగేశాను. వీటితో చేసేయొచ్చా? ఏదైనా మింగేస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (విజయనగరం నుంచి)

అమ్మా, వాటిలో కొబ్బరి చిప్పలు ఉంచుకోండి. మిగతావన్నీ పక్కన పెట్టేయండి. చిలుక బొమ్మ చేసేటప్పుడు అందరూ బొమ్మ గురించే ఆలోచిస్తారు. ఎక్కువ ప్రమాదం మాత్రం దాన్ని దేనితో కట్టాం, దేనికి వేలాడదీశాం అన్న దగ్గరే ఉంటుంది. అందుకే ముందు తీగ, తాడు సంగతి.

జీఐ తీగకు జింకు పూత ఉంటుంది. చిలుక దాన్ని ముక్కుతో గీకుతుంది, నాలుకతో తడుముతుంది. పూత పొడి కొంచెం కొంచెంగా లోపలికి పోయి పేరుకుంటుంది. నీరసం, వాంతి, అదే పనిగా నీళ్లు తాగడం, రెట్ట రంగు మారడం, ఇవీ లక్షణాలు. బడ్జీ మొత్తం బరువే 30 నుంచి 40 గ్రాములు. మన కంటికి ఆనని పొడి కూడా దాని ఒంటికి ఎక్కువే. టంకం పెట్టిన వస్తువుల్లో, పాత పెయింట్లలో ఉండే సీసం ఇంకా ప్రమాదం. హార్డ్‌వేర్ షాపులో 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు అని అడిగి తీసుకోండి. కొక్కెం కూడా స్ప్రింగుతో తెరుచుకునే రకం వద్దు, కాలివేలు ఇరుక్కుంటుంది. మర తిప్పి మూసేది కొనండి.

గజ్జెలు అసలే వద్దు. మువ్వకు కింద చీలిక ఉంటుంది కదా, అందులో గోరు దూరితే చిలుక బెదిరి లాగుతుంది, వేలు తెగుతుంది. పైగా ఇత్తడిలో సీసం కలిసి ఉండవచ్చు.

పురికొస గురించి మన జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదేమో. జూట్ మిల్లుల్లో నార మెత్తబడటానికి నూనె కలిపిన నీళ్లు చల్లుతారు. మామూలు సరుకుకు వాడేది పెట్రోలియం నుంచి తీసిన నూనె. తిండి గింజల సంచులకు శాకనూనెతో చేసే రకం వేరే ఉంది. మీ పురికొస వాసన చూడండి. కిరోసిన్ లాంటి కంపు ఉంటే చిలుక నోటికి అందనివ్వకండి. నూనె తగలని గోగునార దొరికితే వాడుకోవచ్చు. అదైనా పొట్టిగా కత్తిరించి, పోగులు రేగిన వెంటనే తీసేయాలి. నైలాన్ దారం, కుట్టుదారం, పొందూరు నూలు పోగైనా సరే, వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోయి వేలు నల్లబడుతుంది. మింగితే పోగులన్నీ మేతసంచిలో (మెడ కింద తిండి నిలవుండే సంచి) ఉండచుట్టుకుంటాయి.

పిల్లల పూసలు కాకటీల్ కొరికితే పగులుతాయి. రంగు వేయని చెక్క పూసలు ఉంటే వాడండి.

ఇక చేయాల్సినవి. అడవిలో చిలుక పగలంతా తిండి వెతకడం, చీల్చడం, కొరకడంలోనే గడుపుతుంది. పంజరంలో గిన్నెడు గింజలు ముందే పెడితే పావుగంటలో పని అయిపోతుంది. మిగతా రోజంతా ఏం చేస్తుంది? మీ కాకటీల్ ఈకల దగ్గరికి పోయింది. కాబట్టి దానికి చీల్చి పారేసే వస్తువు కావాలి. రెండు రోజుల్లో తుక్కు చేసిందంటే బొమ్మ బాగున్నట్టే.

మీ దగ్గర తాటాకు దొరుకుతుంది. ఎండు తాటాకును వేలెడు వెడల్పు పట్టీలుగా చీరి, కడిగి ఎండబెట్టి, జడలా అల్లి స్టీలు తీగకు గుచ్చండి. అంచున ఉండే గట్టి ఈనె తీసేయండి. అడ్డాకు విస్తరి ఇంకా సులువు. మనం అన్నం తినే ఆకే కాబట్టి భయం లేదు. ప్లాస్టిక్ పొర అంటించినది మాత్రం కాకూడదు. కుట్టిన పుల్లలన్నీ లాగేసి, ఆకులో నాలుగు గింజలు పెట్టి పొట్లం కట్టి ఇవ్వండి. మొక్కజొన్న పొత్తు మీది ఎండు తొక్కలతోనూ ఇలాగే. వీటన్నిటికన్నా నాకు నచ్చింది కొర్ర కంకి. బజారులో ప్యాకెట్లలో ఖరీదుకు అమ్మే మిల్లెట్ స్ప్రే అంటే మన కొర్ర కంకే. దాన్ని ఆకులో దాచి పెడితే ఎంత బెరుకు పిట్టయినా వచ్చి తవ్వుతుంది.

కూర్చోవడానికి, కొరకడానికి జామ కొమ్మ మంచిది. మందు కొట్టని చెట్టుది తెచ్చి, తోమి కడిగి, బాగా ఎండబెట్టండి. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త పొరపాటున కూడా వద్దు. గన్నేరు చెట్టులో ప్రతి భాగమూ విషమే.

ప్రశ్న (రాజాం నుంచి)

చాలా థ్యాంక్స్ అండి. గజ్జెలు ఇప్పుడే తీసి దాచేశాను. కొబ్బరి చిప్పకు కన్నం పెట్టి, బడ్జీలు దూరి పడుకునేలా గూడు చేద్దామనుకున్నాను. అది సరేనా?

జవాబు (విజయనగరం నుంచి)

గూడు చేయకండమ్మా. చీకటి కన్నం కనబడితే ఆడ బడ్జీ గుడ్లు పెట్టే చోటనుకుంటుంది. ఒకదాని తర్వాత ఒకటి పెడుతూనే పోతే ఒంట్లో కాల్షియం తరిగిపోతుంది, గుడ్డు అడ్డంపడి ప్రాణం మీదికి వస్తుంది. సగం చిప్పను వెల్లకిలా, ఊయలలా వేలాడదీయండి. అందులో ఆకులు, గింజలు వేయండి. లోపలి కొబ్బరి అంతా గీకేసి, పీచు తీసి, మరిగించి, ఎర్రటి ఎండలో ఆరబెట్టాలి. కొబ్బరి మిగిలితే ముక్క వాసన వస్తుంది, బూజు పడుతుంది. అంచులు గరుకు కాగితంతో రుద్దండి.

తీగ కోసం వేసే రంధ్రం చిన్నదిగా ఉండాలి. తల దూరి ఒళ్లు దూరని సందు ఏ బొమ్మలోనూ ఉండకూడదు. రింగులైనా అంతే: తలే పట్టకూడదు, లేదా ఒళ్లంతా సులువుగా బయటికి రావాలి.

సోంపేట నుంచి

అన్నా, మా ఉద్దానంలో కొబ్బరి డొక్కలకు లోటు లేదు. డొక్క ముక్క అలాగే కట్టేస్తే పీక్కుంటూ కూర్చుంటాయి. ఇది మంచిదేనా?

జవాబు (విజయనగరం నుంచి)

ఎండాకాలంలో బాగుంటుంది తమ్ముడూ. అదీ పెద్ద ముక్కగా పెట్టి, కింద రాలిన పీచు సాయంత్రం ఊడ్చేస్తే. వానాకాలంలో మన సముద్రపు గాలికి పీచు లోపల బూజు పట్టేస్తుంది, పైకి కనబడదు. ఆ బూజు రేణువులు పక్షి ఊపిరితిత్తులకు పట్టుకుంటే వైద్యం చాలా కష్టం. ముక్కవాసన వచ్చిందంటే పొయ్యిలో పడేయండి. కొబ్బరి తాడు కొనేముందు రంగు, రసాయనం పట్టించలేదని అడగండి.

పలాస నుంచి

మాకు జీడి పిక్కల తొక్కలు బస్తాలకు బస్తాలు దొరుకుతాయి. గట్టిగా ఉంటాయి, కొరకడానికి బాగుంటాయని ఇద్దామనుకుంటున్నాను అక్కా.

జవాబు (విజయనగరం నుంచి)

నన్ను అన్న అనే పిలవండి, ఫరవాలేదు. జీడి తొక్క మాత్రం ఇవ్వకండి. పిక్కలు ఒలిచేవాళ్ల చేతులు ఎలా పొక్కుతాయో పలాసలో మీరు చూసే ఉంటారు. తొక్కలో ఉండే జీడినూనె చర్మాన్నే కాలుస్తుంది, చిలుక నాలుకను వదులుతుందా? కాల్చిన తొక్కయినా వద్దు, జీడి కొమ్మ కూడా వద్దు.

శ్రీకాకుళం నుంచి

మా తాతగారింట్లో రామచిలుక ఉంది. దానికీ ఇవన్నీ చేసిపెట్టవచ్చా అండి?

జవాబు (విజయనగరం నుంచి)

బాబూ, ఇది చెప్పక తప్పదు. రామచిలుక మన దేశపు అడవి పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పెంచుకోవడం, అమ్మడం, కొనడం నేరం. తాతగారికి ఎంత ప్రేమ ఉన్నా అటవీశాఖవాళ్లతో మాట్లాడండి. మీరే తలుపు తీసి వదిలేయకండి, చేతిలో పెరిగిన పిట్ట బయట తిండి వెతుక్కోలేదు. సన్ కన్యూర్, ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ చిలుకలున్నవాళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. బడ్జీలకు, కాకటీల్‌కు ఆ ఇబ్బంది లేదు.

ప్రశ్న (రాజాం నుంచి)

తాటాకు జడ అల్లి, కొర్ర కంకి గుచ్చి కట్టానండి. బడ్జీలు వెంటనే ఎక్కేశాయి. కాకటీల్ మాత్రం మూలకు పోయి బుస్సుమంటోంది. ఏటి చెయ్యమంటారు?

జవాబు (విజయనగరం నుంచి)

ఇప్పుడే తీసేయండి. పంజరం బయట, దానికి కనబడేంత దూరంలో వేలాడదీయండి. రోజూ కొంచెం దగ్గరికి జరపండి. మీరు దాని ముందు నిలబడి ఆ ఆకును చీల్చి చూపించండి, కంకి గింజలు చేత్తో దులపండి. ఇంట్లోవాళ్లు ముట్టుకున్న వస్తువును కాకటీల్ త్వరగా నమ్ముతుంది. భయం పోయాక లోపల ఒక పక్కకు కట్టండి, అది పడుకునే కొమ్మకు ఎదురుగా వద్దు. ఒకేసారి అన్నీ వేలాడదీసి రెక్క చాచే చోటు లేకుండా చేయకండి. రెండు మూడు ఉంచి, వారానికోసారి మార్చండి. రాత్రి పది, పన్నెండు గంటలు చీకట్లో నిద్రపోనివ్వండి. టీవీ ఉన్న గదిలో పంజరం ఉంటే నిద్ర చాలక కూడా ఈకలు పీక్కుంటుంది.

కొత్త బొమ్మ పెట్టిన మొదటి కొన్ని రోజులు ఇంట్లో ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి. రెట్ట పచ్చనీళ్లలా అయినా, తిండి మానినా, ఉబ్బి కూర్చున్నా రేపటిదాకా ఆగకండి. బొమ్మలో మిగిలిన ముక్కలు కూడా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి. రాజాం నుంచి గరివిడి పశువైద్య కళాశాలకు రావడం మీకు కష్టం కాదు.