అప్‌డేట్: ర్యామ్ నిండితే ఫైల్ సిస్టమ్ బిగుసుకుపోవడం ఆగింది

మా కర్నూలు ల్యాబ్‌లో ర్యామ్ నిండినప్పుడల్లా మేం రాసిన లినక్స్ ఫైల్ సిస్టమ్ మాడ్యూల్ (డిస్క్‌లో ఫైళ్లను చూసుకునే కెర్నల్ కోడ్) హ్యాంగ్ అవుతోందని అడిగాను కదా. కారణం దొరికింది. స్టాక్ ట్రేస్‌ను (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) కింది నుంచి పైకి చదవమన్న అన్నకు చాలా థ్యాంక్స్, అందులోనే అంతా ఉంది.

మా ఫంక్షన్ ట్రాన్సాక్షన్ లాక్ (ఒకసారికి ఒక్కరికే దొరికే తాళం) పట్టుకుని, జీఎఫ్‌పీ_కెర్నల్ అనే మామూలు ఫ్లాగ్‌తో మెమరీ అడుగుతోంది. ఖాళీ లేక కెర్నల్ అక్కడికక్కడే రిక్లెయిమ్ (వాడని మెమరీని వెనక్కి తీసుకోవడం) మొదలుపెడుతోంది. పాత ఐనోడ్‌లను (మెమరీలో ఉంచుకున్న ఫైళ్ల వివరాలు) వదిలించుకోవడానికి మళ్లీ మా కోడ్‌లోకే వస్తోంది. అక్కడ కావాల్సింది అదే లాక్! ఇక కదిలేదెవరు?

ప్రతి అలొకేషన్‌కీ (మెమరీ అడిగే ప్రతి చోటా) జీఎఫ్‌పీ_నోఎఫ్ఎస్, అంటే రిక్లెయిమ్‌లో ఫైల్ సిస్టమ్‌లోకి రావద్దనే ఫ్లాగ్, పెట్టేయమని కొందరన్నారు. నాకది నచ్చలేదు. అవసరం లేని చోట కూడా రిక్లెయిమ్ చేతులు కట్టేసినట్టవుతుంది. పైగా లినక్స్ 5.17కి ముందు కెర్నళ్లలో, వీమాలాక్ (పెద్ద మెమరీ ఇచ్చే ఫంక్షన్) లోపల పేజీ టేబుళ్ల కోసం జరిగే అలొకేషన్లకు మనమిచ్చే ఫ్లాగ్ చేరేది కాదు. అందుకే 2017లో లినక్స్ 4.12తో వచ్చిన మెమ్‌అలాక్_నోఎఫ్ఎస్_సేవ్ వాడాం. ట్రాన్సాక్షన్ మొదట్లో, లాక్ పట్టకముందే సేవ్. లాక్ వదిలాక రీస్టోర్. మధ్యలో ఎంత లోతున మెమరీ అడిగినా, ఆ థ్రెడ్ రిక్లెయిమ్ ఫైల్ సిస్టమ్ జోలికి రాదు. ఎర్రర్‌తో బయటికొచ్చే దారుల్లో కూడా రీస్టోర్ ఉండాలి, ఇది మాత్రం మరవొద్దు.

లాక్‌డెప్ (లాక్‌ల వాడకంలో తప్పులు పట్టే కెర్నల్ సాధనం) ఆన్ చేసి చూడండి. ర్యామ్ నిండకముందే 'ఎఫ్ఎస్_రిక్లెయిమ్' పేరుతో హెచ్చరిక ఇస్తుంది. మా పాత కోడ్‌కు ఇచ్చింది, కొత్తదానికి ఇవ్వలేదు. ర్యామ్ తగ్గించి రాత్రంతా నడిపినా హ్యాంగ్ కాలేదు.