టెక్సస్‌లో ఉండి ఫ్లోరిడా వాళ్లకి డైట్ ప్లాన్ ఇవ్వచ్చా?

రమ్య: డాలస్‌లో ఉంటున్నామండి. ఇండియాలో న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చేశాను. ఈమధ్యే ఈఏడీ (ఇక్కడ పని చేసుకునే అనుమతి) వచ్చింది, జూమ్‌లో డైట్ కన్సల్టేషన్ మొదలుపెడదామని ఉంది. ముందుగా అడిగింది ఫ్లోరిడాలోని టాంపాలో మా ఆడపడుచు ఫ్రెండ్స్. వాళ్లలో ఇద్దరికి షుగర్. లైసెన్సు అక్కర్లేదని కొందరు, ఫైన్ వేస్తారని కొందరు. ఏది నిజం?

కిరణ్: న్యూట్రిషనిస్ట్ అని పెట్టుకోండి, ఎవరూ అడగరు. కాలిఫోర్నియాలో మా కజిన్ అలాగే నడిపిస్తోంది.

సుధ: కిరణ్ గారూ, కాలిఫోర్నియా లెక్క ఫ్లోరిడాలో చెల్లదండి. నేను హ్యూస్టన్‌లో హాస్పిటల్ డైటీషియన్‌ని. కాలిఫోర్నియా అసలు లైసెన్సే ఇవ్వదు, డైటీషియన్ అనే పేరు ఎవరు వాడాలో మాత్రం చెబుతుంది. మన టెక్సస్‌లో టీడీఎల్ఆర్ అనే రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ లైసెన్సు ఇస్తుంది, కానీ చట్టం కాపాడేది ‘లైసెన్స్‌డ్ డైటీషియన్’ అన్న పేరునే, పనిని కాదు. ఫ్లోరిడాలో పనికే లైసెన్సు కావాలి. కాలిఫోర్నియా నుంచి అక్కడికి మారిన ఒక హెల్త్ కోచ్‌కి 2017లో 500 డాలర్ల ఫైన్ వేసి, విచారణ ఖర్చులు కూడా కట్టించారు. సలహా చెప్పడం నా వాక్‌స్వాతంత్ర్యం అని ఆవిడ కోర్టుకెళ్తే, 2022లో అప్పీల్ కోర్టు కూడా రాష్ట్రం వైపే తీర్పిచ్చింది.

ఈలోగా 2020లో చట్టాన్ని కొంత సడలించారు. బరువు తగ్గడం లాంటి వాటికి లైసెన్సు లేకపోయినా సలహా ఇవ్వచ్చు, డైటీషియన్‌నని చెప్పుకోకూడదు, అంతే. డాక్టర్ చూస్తున్న జబ్బుకి ఆహారం మార్చాల్సి వస్తే మాత్రం కుదరదు. మీ ఇద్దరు షుగర్ పేషెంట్లూ సరిగ్గా అక్కడే పడతారు. ఇన్సులిన్ వేసుకునే మనిషికి మీరు రాత్రి అన్నం మాన్పించి, డోసు సంగతి ఎవరూ చూసుకోకపోతే తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు. రూల్స్‌లో సగం నాకూ చిరాకే గానీ, దీన్ని మాత్రం తప్పుపట్టను.

రమ్య: నేను డాలస్‌లోనే కూర్చుంటాను కదండీ?

సుధ: మీరెక్కడ కూర్చున్నారన్నది కాదు, పేషెంట్ ఏ రాష్ట్రంలో ఉన్నారన్నది చూస్తారు. మీ ఫారంలో మొదటి రెండు ప్రశ్నలూ ఇవే పెట్టండి: ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నారు, డాక్టర్ దగ్గర దేనికి చూపించుకుంటున్నారు.

రమ్య: నా ఎమ్మెస్సీతో ఆర్డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్షకి కూర్చోవచ్చా?

సుధ: నేరుగా కుదరదు. 2024 జనవరి 1 నుంచి పరీక్షకి మాస్టర్స్ ఉండాలి. ముందు మీ డిగ్రీ ఇవాల్యుయేషన్ చేయించండి. దాన్ని ఇక్కడి మాస్టర్స్‌తో సమానమని ఒప్పుకున్నా, ఏసెండ్ (డైటీషియన్ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తించిన ప్రోగ్రామ్‌లో మిగిలిన కోర్సులు, కనీసం 1000 గంటల ప్రాక్టీస్ తప్పవు. ఇవాల్యుయేషన్‌కి డబ్బు కట్టేముందు ఆ ఏజెన్సీ ఏసెండ్ లిస్టులో ఉందో లేదో చూసుకోండి.