వీలునామాలో వచ్చిన బడి భవనం: మరమ్మతుకు సిమెంటా, సున్నమా?

దస్తావేజు:
లక్నోలోని పాత బడి లా మార్టీనియర్‌ను దృష్టిలో పెట్టుకుని అడుగుతున్నాను. ఈస్టిండియా కంపెనీలో మేజర్ జనరల్ దాకా ఎదిగిన ఫ్రెంచివాడు క్లాడ్ మార్టిన్ 1800 జనవరి 1న వీలునామా రాసి, ఆ సెప్టెంబరు 13నే పోయాడు. ఆ ఆస్తితో లక్నో, కలకత్తా, ఆయన సొంతూరు లియోన్‌లలో బళ్లు వెలిశాయి. లక్నో బడి ఉన్నది ఆయన కట్టించిన కాన్‌స్టాన్షియా మేడలోనే. ఇలాంటి భవనాలకు సున్నం పనే కావాలని ట్రస్టు సొమ్ము గోడలకు పోయడం న్యాయమేనా? ఆయన ఇచ్చింది చదువుకు కదా!

చిట్టాపద్దు:
న్యాయం కాదు. 1857 తిరుగుబాటప్పుడు అక్కడి పిల్లలు రెసిడెన్సీలో (బ్రిటిష్ ప్రతినిధి ఆవాసంలో) తలదాచుకున్నారు, తర్వాత కొన్నాళ్లు బడి కాశీలో నడిచింది. మేడ లేకపోయినా బడి ఆగలేదు. సిమెంటు పూసి, మిగిలింది ఫీజు కట్టలేని పిల్లలకివ్వండి.

వకాల్తా:
చిట్టాపద్దు గారూ, వీలునామా మీరనుకున్నంత సూటిగా లేదు. కాన్‌స్టాన్షియాను ఎన్నటికీ అమ్మకూడదు, అది తన సమాధిగానూ విద్యాలయంగానూ ఉండాలన్నాడు. నవాబు చేజిక్కించుకోకుండా తెలివిగా సమాధి పెట్టించాడన్న కథ లక్నోలో ఇప్పటికీ చెబుతారు. అది ఎంత నిజమైనా, ఆయన్ని పాతిపెట్టింది నేలమాళిగలోనే. భవనం కూడా దానంలో భాగమే, దాన్ని చెడగొట్టే హక్కు ధర్మకర్తలకు లేదు. ఆ వీలునామా మీద కలకత్తా సుప్రీంకోర్టులో వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగింది. కలకత్తా బడి 1836లో, లక్నో బడి 1845లో గానీ తెరుచుకోలేదు.

డంగుసున్నం:
చట్టం సంగతి వకాల్తా గారు చెప్పారు, గోడ సంగతి నేను చెబుతాను. ఆ కాలపు లక్నో కట్టడాలు లఖౌరీ ఇటుకవి. అంగుళం లోపు మందం, సున్నం, సుర్కీ (ఇటుక పొడి) కలిపిన అతుకులు. కాన్‌స్టాన్షియాలో పైకప్పులు దూలాల మీద కాక కమానుల మీద నిలిచాయి. కింది నుంచి చల్లగాలి పైకెక్కే దారులు గోడల్లోనే వదిలారు. నది పక్కనే కాబట్టి పునాదిలోంచి తేమ ఎక్కుతూనే ఉంటుంది. సున్నం పూత దాన్ని బయటికి వదిలేస్తుంది, సిమెంటు వదలదు. తేమ ఇంకా పైకి పాకుతుంది, పూత వెనక చవుడు పేరుకుని ఉబ్బుతుంది. చివరికి ఊడేది సిమెంటొక్కటే కాదు, దానితో పాటు ఇటుక ముఖం కూడా. అప్పుడు ఇటుకే మార్చాలి, ఆ సైజు బజార్లో దొరకదు.

పని ఇలా చేయాలి: పుచ్చిన అతుకుని రెండు సెంటీమీటర్ల లోతు గీకి, దుమ్ము దులిపి, గోడ తడపాలి. సున్నాన్ని నీళ్లలో కనీసం రెండు వారాలు నాననివ్వాలి. తొందరపడితే ఉడకని గుళికలు పూతలో తర్వాత విచ్చి బుడిపెలు లేస్తాయి. ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు సుర్కీ, ఇసుక కలిపి గానుగలో రుబ్బాలి. ఆ ప్రాంతపు మేస్త్రీలు బెల్లం నీళ్లు, మినప్పప్పు, మారేడు గుజ్జు కలిపేవారు. పూత ఒక్కసారికి పన్నెండు మిల్లీమీటర్లు దాటకూడదు, దాటితే బీటలే. తడి గోనెలు కనీసం వారం పాటు కప్పి ఉంచాలి. ఎండలు ముదిరాక, వానల్లో ఈ పని పెట్టుకోవద్దు.

చిట్టాపద్దు:
ఇంత ఓపిక ఏ బడికి ఉంటుందండీ? సెలవులు రెండు నెలలే, అవీ నడి ఎండల్లో.

డంగుసున్నం:
అందుకే మొత్తం ఒకేసారి చేయరు. చలికాలంలో ఏడాదికో గదుల వరస తీసుకుని, తరగతులు పక్క గదులకు మార్చాలి. మార్టిన్ పోయాక రెండు వైపులా చేర్చిన వంపు రెక్కలు ఉన్నాయి కదా, చోటుకు కొదవ లేదు. మీ స్కాలర్‌షిప్పుల వాదన కొట్టిపారేయను. ఒక్క చోట మాత్రం ఒప్పుకోను: సిమెంటు చవక అన్నప్పుడు పదేళ్ల తర్వాత దాన్ని చెక్కే కూలీ కూడా లెక్కలో వేయండి.

వకాల్తా:
ఆ లెక్కను ఏటా ఆడిట్‌లో వేరే పద్దుగా చూపిస్తే చాలు. చదువు సొమ్ము గోడ మింగిందని ఎవరూ అనలేరు.