కొన్న ఆడియోబుక్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి నాన్నకి ఇస్తే తప్పా?

గోదారి_గట్టు:
ఫ్రెండ్స్ ఒక డౌట్. ఒక యాప్‌లో మూడేళ్ళుగా ఆడియోబుక్స్ కొంటున్నా, నలభై దాకా ఉంటాయి. మా నాన్నకి గ్లకోమా, చూపు బాగా తగ్గిపోయింది, టచ్ ఫోన్‌లో ఎక్కడో నొక్కేస్తారు, కథ ఆగిపోద్ది, ఇక నన్ను కేకేయడమే. ఆయన దగ్గర పాత స్పీకర్ ఒకటుంది, పెన్‌డ్రైవ్ పెడితే పాడుద్ది, లావుపాటి బటన్లు, తడిమి నొక్కేస్తారు. సరే కదా అని డౌన్‌లోడ్ చేసిన ఫైల్ అందులో వేస్తే ఉలుకూ పలుకూ లేదు. కస్టమర్ కేర్ వాళ్ళేమో మా యాప్‌లోనే వినాలండీ అంటున్నారు. డబ్బులు పెట్టి కొన్నాక నాది కాదా అది? ఎంపీ3 చేసుకుంటే కేసవుద్దా?

చెవులపిల్లి:
నీది కాదు బ్రో, నువ్వు కొన్నది లైసెన్స్. బటన్ మీద 'బై' అని రాస్తారు, అసలు సంగతి టర్మ్స్‌లో ఉంటది. 2009లో అమెజాన్ వాళ్ళు జనం కొనుక్కున్న ఆర్వెల్ నవలల్ని కిండిల్ ఈ-బుక్ రీడర్లలోంచి పీకేశారు, అమ్మినోడికి హక్కుల్లేవంట, డబ్బులు వాపస్ ఇచ్చారనుకో. కాలిఫోర్నియాలో 2025 నుంచి ఇది లైసెన్స్ మాత్రమే అని ముందే చెప్పకుండా 'బై' అనకూడదని చట్టం పెట్టారు. మన దగ్గర ఆ ముచ్చట లేదు.

నల్లకోటు:
పైన చెప్పింది నిజమే కానీ మరీ భయపడక్కర్లేదండీ. మన కాపీరైట్ చట్టం 52(1)(ఎ)లో సొంత వాడకానికి మినహాయింపు ఉంది. ఫైల్ వేరేచోట పాడకుండా, కాపీ కాకుండా కంపెనీ వేసే డీఆర్‌ఎం లాక్ తీయడం గురించి 2012లో 65ఎ చేర్చారు, రెండేళ్ళ దాకా జైలు, ఫైను, కాకపోతే హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తీస్తేనే అని అందులోనే ఉంది, అమెరికా వాళ్ళ కంటే మనది నయం. మీ కేసులో ఇంకోటుంది, 52(1)(జెడ్‌బి): వైకల్యం ఉన్నవాళ్ళు వాడుకోగలిగే రూపంలోకి మార్చి ఇవ్వొచ్చు. నాన్నగారికి డిజెబిలిటీ సర్టిఫికెట్ లేకపోతే ముందు అది తీసుకోండి, వేరేవాటికి కూడా పనికొస్తుంది. యాప్ టర్మ్స్ మాత్రం వేరే గొడవ, అకౌంట్ బ్లాక్ చేస్తే నలభై పుస్తకాలూ గోవిందా. ఫైల్ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టారో, అప్పుడు నేనూ ఏం చేయలేను.

చెవులపిల్లి:
ఇకమీద కొనేటప్పుడు డీఆర్‌ఎం లేకుండా ఎంపీ3 ఇచ్చేవాళ్ళ దగ్గర కొను, లిబ్రో.ఎఫ్ఎం లాంటివి. తెలుగువి దొరకడం కష్టమే అనుకో.

గోదారి_గట్టు:
థాంక్సండీ ఇద్దరికీ. సర్టిఫికెట్ సంగతి అసలు తట్టనేలేదు. ప్రస్తుతానికి ఫోన్‌కీ స్పీకర్‌కీ ఆక్స్ వైరు తగిలించా. నిన్న రెండు చాప్టర్లు విని, చదివేవాడు రైలు అందుకోవాలన్నట్టు పరిగెడుతున్నాడు, కాస్త తగ్గించరా అన్నారు. ఆ స్పీడ్ బటన్ మళ్ళీ యాప్‌లోనే ఉంది 😐