గ్రాఫు మీద మూడు వరుసల సమీకరణం: రెండు వరుసలే ఎందుకు చిన్నవవుతాయి?

పాకాల_చెనిక్కాయ:
ఆర్ (గణాంకాల ప్రోగ్రామింగ్ భాష)లో జీజీప్లాట్ అనే గ్రాఫుల ప్యాకేజీ వాడుతున్నా. చిత్తూరు జిల్లా వేరుశనగ, ఒక అక్షం మీద వాన, ఇంకోదాని మీద దిగుబడి. పై ఎడమ మూలలో మూడు వరుసలు రావాల: రిగ్రెషన్ (చుక్కలకి సరిపోయే గీత) సమీకరణం, ఆర్ స్క్వేర్ (ఆ గీత ఎంత బాగా సరిపోయిందో), పి విలువ (సంబంధం గట్టిదో కాదో చూసే పరీక్ష అంకె). పార్స్ ట్రూ (రాతని గణిత సూత్రంగా చదవమని) పెట్టి మధ్యలో స్లాష్ ఎన్ (\n, కొత్త వరుస గుర్తు) ఇస్తే మొదటి వరుసే కనిపిస్తాంది, ఎర్రర్ కూడా రాలేదు. ఏటాప్ (రెండు రాతల్ని ఒకదాని మీద ఒకటి పెట్టేది) లోపల ఇంకో ఏటాప్ పెడితే మూడూ వచ్చినాయి గానీ లోపలి రెండూ చిన్నవైపోయినాయి. సైజు 4 ఇచ్చినా 5 ఇచ్చినా ఆ తేడా పోలేదు. ఎట్ల సరిచేయాల?

అలిపిరి_మెట్టు:
ముందు స్లాష్ ఎన్ సంగతి. పార్స్ చేస్తే ఒక్కో వరుస ఒక్కో ఎక్స్‌ప్రెషన్ అవుతుంది. జీజీప్లాట్ వాటిలో మొదటిది తీసుకుని మిగతాది వదిలేస్తుంది. ఎర్రర్ రాకపోవడానికి కారణం అదే. కొటేషన్ గుర్తుల లోపల పెట్టినా లాభం లేదు, ప్లాట్‌మ్యాథ్ (ఆర్‌లో గణిత రాత గీసేది) స్లాష్ ఎన్‌ని పట్టించుకోదు. లైన్‌హైట్ (వరుసల మధ్య ఎడం) కూడా ఎక్స్‌ప్రెషన్ల మీద పనిచేయదు.

ఇక సైజు. ఏటాప్ అంటే గీత లేని భిన్నమే. బయటి ఏటాప్ డిస్‌ప్లే శైలిలో ఉంటుంది, దాని లోపలివి టెక్స్ట్ శైలికి దిగుతాయి, సైజు మారదు. ఆ టెక్స్ట్ శైలిలో ఇంకో ఏటాప్ పెడితే దాని లోపలివి స్క్రిప్ట్ శైలికి దిగుతాయి, అంటే అసలు సైజులో 0.7 వంతు. ఇంకో మెట్టు దిగితే 0.5. ఇది నిష్పత్తి కాబట్టి నువ్వు సైజు పెంచితే మూడూ కలిసి పెరుగుతాయి, తేడా అట్లే ఉంటుంది. లోపలి ఏటాప్ మొత్తాన్ని డిస్‌ప్లేస్టైల్‌లో చుట్టు, లేదా లోపలి రెండు వరుసలకీ విడివిడిగా టెక్స్ట్‌స్టైల్ తగిలించు. వరుసలో భిన్నం ఉంటే దానికి డిస్‌ప్లేస్టైల్ ఇవ్వు. టెక్స్ట్‌స్టైల్ ఇస్తే లవం, హారం మళ్ళీ 0.7కి పడతాయి.

చంద్రగిరి_కోట:
నాకూ డిస్‌ప్లేస్టైల్‌తో పనైపోయింది. థాంక్స్ అన్నా.

బెంగళూరా_మామిడి:
ఏం పనైపోయింది? ఏటాప్ ఎప్పుడూ మధ్యకే సర్దుతుంది. సమీకరణం పొడుగు, పి విలువ పొట్టి, ఎడమ అంచు కలవదు. లోపలి జంట మధ్య ఎడం, బయటి ఎడం కూడా ఒకటి కావు. నాలుగో వరుస వస్తే మళ్ళీ గూడు లోపల గూడు. మూడు లేబుళ్లు మూడు ఎక్స్‌ప్రెషన్లుగా రాసి వేరువేరుగా పెట్టండి. బేస్ ఆర్ (జీజీప్లాట్ లేకుండా) అయితే ఇంకా తేలిక: లెజెండ్‌లో బీటీవై ఎన్ (చుట్టూ పెట్టె లేకుండా), ఎక్స్‌ప్రెషన్ల వరుస. ఎడమకి సర్దుకుంటాయి, సైజు సమానం, ఎడం వై ఇంటర్‌స్ప్‌తో మారుతుంది. బీకోట్ (సూత్రంలో లెక్కించిన విలువ పెట్టేది) వాడేవాళ్లు లిస్టుగా పెట్టి యాజ్ ఎక్స్‌ప్రెషన్‌లో చుట్టాల.

అలిపిరి_మెట్టు:
అతను అడిగింది జీజీప్లాట్. అందులో వేరువేరుగా పెడితే వై విలువలు మీరే ఇయ్యాల. అక్షం పరిధి మారితే వరుసలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఫ్యాసెట్లలో (గ్రాఫుని గడులుగా విడగొట్టినప్పుడు) స్కేలు ఫ్రీ (గడికో అక్షం పరిధి) ఉంటే ఒక గడిలో ఇరుకు, ఇంకో గడిలో దూరం.

బెంగళూరా_మామిడి:
మూలకి అంటించడానికి మైనస్ ఇన్ఫ్, ప్లస్ ఇన్ఫ్ ఉన్నాయి కదా సార్.

అలిపిరి_మెట్టు:
ఉన్నాయి. అంచు నుంచి జరపడానికి హెచ్‌జస్ట్ (అడ్డం సర్దుబాటు) మైనస్ 0.1 పెడతారు, అది ఆ లేబుల్ వెడల్పులో పదో వంతు. పొడుగు వరుస ఎక్కువ జరుగుతుంది, పొట్టిది తక్కువ. ఎడమ అంచు కలవదని ఏటాప్‌ని తప్పుపట్టింది మీరే. వీజస్ట్ (నిలువు సర్దుబాటు) కూడా లేబుల్ ఎత్తుని బట్టే, స్క్వేర్ గుర్తున్న వరుస ఎత్తు వేరు.

కాణిపాకం_పైథాన్:
పైథాన్ గ్రాఫుల లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఈ బాధ లేదు. స్లాష్ ఎన్ దగ్గర వరుసలు విడిపోతాయి, ప్రతి వరుసలో డాలర్ తెరిచి అక్కడే మూస్తే చాలు. రా స్ట్రింగ్ రాస్తే మాత్రం స్లాష్ ఎన్ అక్షరాలుగానే వస్తుంది, అందుకని దాన్ని మామూలు స్ట్రింగ్‌లో రాసి కలపాలి. భిన్నం చిన్నదైతే డీఫ్రాక్.

చంద్రగిరి_కోట:
అడిగింది ఆర్ గురించి.

బెంగళూరా_మామిడి:
మెట్టు గారూ, హెచ్‌జస్ట్, వీజస్ట్ ఒక్కటే దారా? యానొటేషన్ కస్టమ్‌లో టెక్స్ట్‌గ్రాబ్ (గడి అంచు నుంచి కొలిచి పెట్టే రాత) పెట్టండి. ఎక్స్ 2 మిల్లీమీటర్లు, వై 1 ఎన్‌పీసీ (గడి పై అంచు)లోంచి 0.5, 1.8, 3.1 లైన్లు తీసేయండి, జస్ట్ ఎడమ, పైన. అక్షంతో సంబంధం లేదు, అంచు కలుస్తుంది, ఎడం సమానం.

అలిపిరి_మెట్టు:
అది అన్ని ఫ్యాసెట్లలోనూ ఒకే రాత వేస్తుంది. మండలానికో సమీకరణం కావాలంటే?

బెంగళూరా_మామిడి:
మండలానికో సమీకరణం గ్రాఫులో ఎందుకండీ! పట్టికలో పెట్టండి.

అలిపిరి_మెట్టు:
అట్ల చెప్పండి. మీ గొడవ ఏటాప్‌తో కాదు, గ్రాఫు మీద అంకెలు ఉండకూడదని మీ పట్టు. పొద్దుట్నుంచి అంచులు, ఎడాలు అని తిప్పుతున్నారు.

బెంగళూరా_మామిడి:
అవును, ఉండకూడదు. చేత్తో కొట్టిన అంకె డేటా మారినా మారదు. చుక్కలు కొత్తవి, సమీకరణం పాతది, చూసేవాళ్లు రెండూ నమ్ముతారు. రివ్యూయర్ అదే పట్టుకుని నా పేపరు వెనక్కి పంపినాడు, నేనింకా మర్చిపోలేదు. క్యాప్షన్‌లో ఉంటే కనీసం చదివి సరిచేస్తారు.

అలిపిరి_మెట్టు:
చేత్తో కొట్టమని ఎవరన్నారు? మోడల్ నుంచి కోఎఫ్ (గుణకాలు) తీసి స్ప్రింట్ఎఫ్ (అంకెల్ని రాతగా మార్చేది)తో లేబుల్ కట్టాల. ఫ్యాసెట్లకి మండలం పేరు, లేబుల్ ఉన్న చిన్న డేటాఫ్రేమ్ చేసి జియామ్ టెక్స్ట్ (గ్రాఫు మీద రాత వేసేది)కి ఇవ్వాల. అంకెని సింగిల్ కోట్స్‌లో పెట్టడం మర్చిపోవద్దు, లేకుంటే పార్స్ 0.80ని 0.8 చేస్తుంది. ఇక క్యాప్షన్: గ్రాఫు ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకునే రోజులు. క్యాప్షన్ ఆ ఫొటోలో ఉండదు. వ్యవసాయ సహాయకుడి చేతికి చేరేది బొమ్మ ఒక్కటే. సమీకరణం దాని మీదే ఉండి తీరాల.

బెంగళూరా_మామిడి:
ఆయనకి పి విలువ దేనికి? గీత వాలు చాలు.

పీలేరు_గీతలు:
ఇద్దరూ అసలు కొలత వదిలేసినారు. జియామ్ టెక్స్ట్ సైజు మిల్లీమీటర్లలో, థీమ్ సైజు పాయింట్లలో. 3.88 అంటే దాదాపు 11 పాయింట్లు; 2.845తో గుణించుకోండి. గ్రాఫుని 10 అంగుళాల వెడల్పుతో సేవ్ చేసి వర్డ్‌లో 6 అంగుళాలకి లాగితే 11 పాయింట్లు 6.6 అవుతాయి. 0.7కి పడిన వరుస 4.6. థీసిస్ ప్రింటులో అది చదవలేరు. ఏ4లో ఎడమ 1.5, కుడి 1 అంగుళం మార్జిన్ పోతే మిగిలేది సుమారు 5.8. జీజీసేవ్‌లో వెడల్పు 5.8 ఇచ్చి, వర్డ్‌లో సైజు మార్చకుండా పెట్టండి. సైజు గొడవ సగం అక్కడే తీరుతుంది.

పాకాల_చెనిక్కాయ:
డిస్‌ప్లేస్టైల్ పెట్టి 5.8తో సేవ్ చేసినా. మూడు వరుసలూ సమానంగా వచ్చినాయి. కామా పెట్టి ఎన్ (నమూనాల సంఖ్య), పి ఒకే వరుసలో రాస్తే ఎర్రర్ వస్తాంది.

అలిపిరి_మెట్టు:
కామా నేరుగా ఇయ్యకూడదు. రెండింటినీ లిస్ట్ లోపల పెట్టు, మధ్యలో కామా అదే వేస్తుంది.

బెంగళూరా_మామిడి:
పి విలువ తీసేస్తే ఆ వరుసే అక్కర్లేదు.