లైను పెనాంగ్‌కు వెళ్తోంది, మమ్మల్ని రాజీనామా రాయమంటున్నారు

ప్రశ్న (బొమ్మసంద్ర, బెంగళూరు):
పేషెంట్ మానిటర్లు (రోగి గుండె వేగం, రక్తపోటు వంటివి చూపే పరికరాలు) తయారుచేసే ఒక కర్మాగారంలో పన్నెండేళ్లుగా పర్మనెంటు కార్మికుడిగా పనిచేస్తున్నాను. ఉత్పత్తి లైనును మలేసియాలోని పెనాంగ్‌కు తరలిస్తున్నామని, స్వచ్ఛందంగా రాజీనామా చేసినవారికి గ్రాట్యుటీతో కలిపి ఆరు నెలల జీతం ఇస్తామని యాజమాన్యం చెబుతోంది. మేము నాలుగు వందల మందిమి. చాలామంది అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లమే. సంతకం పెట్టవచ్చా?

జవాబు 1:
పెట్టకండి. మీ అంతట మీరే మానేసినట్టు కాగితం ఉంటే తొలగింపు పరిహారం అడిగే హక్కు పోతుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, తొలగించిన కార్మికుడికి పూర్తయిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున ఇవ్వాలి. పన్నెండేళ్లకు అది 180 రోజులు, అంటే వాళ్లు చూపిస్తున్న ఆరు నెలలూ ఈ ఒక్క పద్దుకే సరిపోతాయి. గ్రాట్యుటీ వేరు; దానికీ ఏడాదికి పదిహేను రోజుల వేతనమే అయినా, నెలను 26 రోజులుగా లెక్కిస్తారు కనుక వేతనం 26,000 ఉంటే 1,80,000 వస్తుంది, అంటే దాదాపు ఏడు నెలల జీతం. దాన్ని అందులో కలిపేయడం ఔదార్యం కాదు, కోత. పైగా మూడు వందలు, అంతకు మించి కార్మికులున్న కర్మాగారాన్ని మూయాలన్నా, మనుషులను తీసేయాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. మీ నాలుగు వందల్లో కాంట్రాక్టు వాళ్లెందరో చూసుకోండి; వాళ్లను ఆ మూడు వందల లెక్కలో కలపాలా వద్దా అన్న తగాదా అక్కడే మొదలవుతుంది.

జవాబు 2 (ఒరగడం, చెన్నై):
లెక్క సరైనదే కానీ, చట్టం చెప్పింది కనీస మొత్తమే. మరైమలై నగర్‌లో ఫోర్డ్ 2022లో ఉత్పత్తి ఆపినప్పుడు కార్మికులు సమ్మెకు దిగి, యూనియన్ ద్వారా బేరమాడి, అంతకంటే చాలా ఎక్కువే సాధించుకున్నారు. విడివిడిగా హెచ్‌ఆర్ గదిలోకి వెళ్లకండి.

జవాబు 3:
నేను క్వాలిటీ విభాగంలో ఉన్నాను. వైద్య పరికరాల లైను రాత్రికి రాత్రి కదలదు. కొత్త చోట యంత్రాలనూ, ప్రక్రియలనూ వ్యాలిడేట్ చేయాలి, అంటే అవి సరిగ్గా పనిచేస్తున్నాయని పరీక్షించి నిరూపించాలి. అక్కడ తయారైన సరుకు మళ్లీ మన దేశంలో అమ్మాలంటే 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల కింద దిగుమతి లైసెన్సు తీసుకోవాలి. అప్పటిదాకా నిల్వలు పెంచేందుకు మీ చేతులే దిక్కు కాబట్టి, బేరమాడేందుకు ఇదే సమయం.

ప్రశ్న అడిగినవారు:
కాంట్రాక్టు వాళ్లను తీసేస్తే 310 మందిమి. ఇప్పటికే పాతికమంది సంతకాలు చేశారు. ఇక అనుమతి అవసరం లేదా?

జవాబు 1:
అవసరమే. ఈ రోజు గేటు లోపల ఎందరున్నారన్నది కాదు, గడిచిన పన్నెండు నెలల్లో రోజుకు సగటున ఎందరు పనిచేశారన్నదే చూస్తారు. కానీ రాజీనామాలు ఇలాగే సాగితే ఆ సగటు కూడా పడిపోతుంది. ఈ వారంలోనే అందరూ కలిసి కార్మిక శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముద్ర వేసిన నకలు దగ్గర ఉంచుకోండి.