అప్‌డేట్: థాయ్ కొబ్బరిపాల సూప్ ఇక విరగడం లేదు

థాయ్ కర్రీ సూప్‌లో కొబ్బరిపాలు విరిగి నూనె తేలుతోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. చిక్కటి పాలు, పల్చటి పాలు విడిగా తీయమన్న మాటే పనిచేసింది. కర్రీ పేస్టును నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, పల్చటి పాలు పోసి, నిమ్మగడ్డి, గుమ్మడి ముక్కలు అందులోనే ఉడికించాను. చిక్కటి పాలు చివర్లో, సన్న సెగ మీద. అంచుల్లో చిన్న బుడగలు రాగానే స్టవ్ కట్టేయాలి. నిమ్మరసం దించాకే.

టిన్ను పాలు, కార్న్‌ఫ్లోర్ అవసరమే పడలేదు. మన విశాఖ పూర్ణా మార్కెట్ కొబ్బరికాయ చక్కగా సరిపోయింది. గలాంగల్ (థాయ్ వంటల్లో వాడే అల్లం లాంటి దుంప) దొరక్క అల్లం వేశాను, ఘాటు వేరు గానీ బాగుంది. ఇదే సూప్‌లో రొయ్యలైనా, పుట్టగొడుగులైనా కుదురుతాయి. రొయ్యలు వంపు తిరిగి రంగు మారితే చాలు.

శాకాహారులు మాత్రం పేస్టు ప్యాకెట్ చదివి కొనండి, చాలావాటిలో రొయ్యల ముద్ద ఉంటుంది.